పర్మాంగనేట్‌లో మాంగనీసు, ఆక్సిజన్ల మధ్య బంధం అయానికమా? పొటాషియం సమ్మేళనాల మీద ఒక సందేహం

గుణుపురం విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను గుణుపురంలో ప్లస్ టూ సైన్సు రెండవ సంవత్సరం చదువుతున్నాను. పాఠం ఇంగ్లీషులోనూ, స్నేహితులతో మాట ఒడియాలోనూ సాగినా, లెక్క చేసేటప్పుడు మనసులో నడిచేది తెలుగే కనుక ఈ సందేహాన్ని ఇక్కడ అడుగుతున్నాను.

గత వారం మా కోచింగులో పెట్టిన పరీక్షలో పొటాషియం పర్మాంగనేట్‌లోని బంధాలను వర్గీకరించమన్నారు. రుణవిద్యుదాత్మకతల (బంధంలోని ఎలక్ట్రానులను పరమాణువు తనవైపు లాగే బలానికి కొలత) తేడా 1.7 దాటితే అయానిక బంధమనీ (ఎలక్ట్రాను చేతులు మారి ఏర్పడేది), దానికి లోపల ఉంటే ధ్రువ సమయోజనీయ బంధమనీ (ఎలక్ట్రానులను ఎక్కువతక్కువలుగా పంచుకునేది) మాకు నేర్పారు. మాంగనీసుకు 1.55, ఆక్సిజన్‌కు 3.44 కనుక తేడా 1.89 వచ్చింది. అందుచేత ఆ బంధం అయానికమని రాశాను. ఎర్ర సిరాతో కొట్టివేశారు. అదే పేపరులో పొటాషియం అయోడైడ్‌కు (పొటాషియం 0.82, అయోడిన్ 2.66) తేడా 1.84 మాత్రమే వచ్చినా, అయానికమని రాసినందుకు పూర్తి మార్కు వేశారు. 1.84 అయానికమైనప్పుడు 1.89 ఎందుకు కాదని అడిగితే, అలా గుర్తుపెట్టుకోమన్నారు. గుర్తుపెట్టుకోగలను కానీ, కారణం తెలియకుండా గుర్తుపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

జయపురం ఇంజనీరు

అమ్మా, జవాబు దిద్దినవారే పొరబడి ఉంటారు. పొటాషియం లోహం, మాంగనీసు లోహం, ఆక్సిజన్ అలోహం. లోహానికీ అలోహానికీ మధ్య ఏర్పడేది అయానిక బంధమని మేము పదో తరగతిలోనే చదువుకున్నాం. పైగా పర్మాంగనేట్ నీటిలో కరుగుతుంది, ఆ ద్రావణం విద్యుత్తును పంపిస్తుంది. మొత్తం పదార్థమే అయానికమైనప్పుడు అందులో ఒక బంధాన్ని విడదీసి సమయోజనీయమనడం నాకు సమంజసంగా తోచడం లేదు.

పర్లాకిమిడి మాస్టారు

ఇంజనీరు గారు క్షమించాలి, దిద్దినవారు పొరబడలేదు. వారు కారణం చెప్పకపోవడమే లోపం. ముప్పై ఏళ్ళు ఈ పాఠమే చెప్పిన చాదస్తం వల్ల కాస్త విస్తరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

పొటాషియం పరమాణు సంఖ్య 19. ఎలక్ట్రానులు 2, 8, 8, 1గా అమరి ఉంటాయి. బయట ఉన్న ఆ ఒక్క ఎలక్ట్రానును ఊడదీయడానికి మోలుకు 419 కిలోజౌళ్ళు చాలు. రెండవదానిని ముట్టుకోబోతే 3,052 కిలోజౌళ్ళు అడుగుతుంది. కాబట్టి సాధారణ సమ్మేళనాలలో పొటాషియం ఒక ఎలక్ట్రానును వదిలి, ఒక ధనావేశంతో పక్కకు తప్పుకుంటుంది. ఆ అయాను 138 పికోమీటర్ల వ్యాసార్థంతో, పక్కవాడి ఎలక్ట్రానులను తనవైపు లాగే బలం పెద్దగా లేకుండా ఉంటుంది. పొటాషియం సంగతి ఇంతే.

మాంగనీసు సంగతి వేరు. పర్మాంగనేట్‌లో దాని ఆక్సీకరణ స్థితి (బంధాలలోని ఎలక్ట్రానులన్నీ ఆక్సిజన్‌వే అనుకుంటే మాంగనీసుకు మిగిలే ఆవేశం) 7. దానిని నిజమైన ఆవేశంగా తీసుకుంటే మాంగనీసు ఏడు ఎలక్ట్రానులనూ పూర్తిగా ఇచ్చివేసిందని అర్థం. ఆ ఏడింటి అయనీకరణ శక్తులను, అంటే ఒక్కొక్కదానిని ఊడదీసే ఖర్చులను, కూడి చూడు, 38,000 కిలోజౌళ్ళు దాటుతుంది. అంత ఖర్చును ఏ స్ఫటికమూ తిరిగి చెల్లించలేదు. ఒకవేళ అటువంటి అయాను ఏర్పడినా, అంత చిన్న గోళం మీద ఏడు ధనావేశాలు ఉంటే చుట్టూ ఉన్న ఆక్సిజన్ల ఎలక్ట్రానులను తనలోకి లాక్కోక మానదు. లాక్కోవడమంటే పంచుకోవడమే. ధనాయాను చిన్నదై, దాని ఆవేశం పెద్దదైనకొద్దీ బంధం సమయోజనీయం వైపు ఒరుగుతుందని కాసిమిర్ ఫాజన్స్ 1923లో చెప్పిన సూత్రం ఇదే. ఆ పాఠం మీకు ఉండే ఉంటుంది, దానిని 1.7 సూత్రంతో కలిపి చదవమని ఎవరూ చెప్పరు, అదే చిక్కు.

నీ 1.89 సంగతికి వస్తాను. మాంగనీసు, ఆక్సిజన్ల నుంచే పుట్టిన రెండు ఆక్సైడులను పక్కపక్కన పెట్టి చూడు. ఒక మాంగనీసుకు ఒక ఆక్సిజన్ ఉన్నది 1,800 డిగ్రీలు దాటితేగాని కరగని ఘనపదార్థం, అయానిక స్వభావం బాగా ఉన్నది. రెండు మాంగనీసులకు ఏడు ఆక్సిజన్లు ఉన్నది 6 డిగ్రీల దగ్గరే కరిగే ముదురు ఆకుపచ్చ నూనెవంటి ద్రవం, విడివిడి అణువులుగా ఉంటుంది. మూలకాలు అవే, తేడా 1.89 అదే. ఆ అంకె ఒక్కటే బంధాన్ని నిర్ణయించేటట్లయితే ఈ రెండూ ఒకే తీరుగా ఉండాలి కదా? ఆక్సీకరణ స్థితి 2 నుంచి 7కు పెరిగేసరికి బంధం స్వభావమే మారిపోయింది. (ఆ పచ్చని ద్రవం పేలుడు పదార్థం. పర్మాంగనేట్ మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే పుట్టేది అదే. ప్రయోగశాలలో ఎవరు పందెం కాసినా ఆ పని చేయవద్దు.)

కనుక జవాబు ఇలా ఉండాలి: పర్మాంగనేట్ అయానులో ఒక మాంగనీసుకు నాలుగు ఆక్సిజన్లు ధ్రువ సమయోజనీయ బంధాలతో అతుక్కొని ఉంటాయి. ఆ అయిదు పరమాణువుల గుంపు మొత్తానికీ ఒక రుణావేశం ఉంటుంది. ఆ గుంపుకూ పొటాషియం అయానుకూ మధ్య ఉన్నది అయానిక బంధం. పదార్థం అయానికమా కాదా అన్నది ఒక ప్రశ్న. అందులో ఫలానా బంధం ఎటువంటిది అన్నది ఇంకొక ప్రశ్న. ఇంజనీరు గారు మొదటిదానికి సరైన జవాబు చెప్పి, దానినే రెండవదానికి కూడా వాడారు.

బరంపురం బిళ్ళలవాడు

మాది బరంపురం. నేను పైడిభీమవరం వైపు ఒక మందుల కర్మాగారం ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. మాస్టారు చెప్పినదానిని మేము రోజూ కళ్ళతో చూస్తాము, అదెలాగో చెబుతాను.

పరారుణ కిరణాలతో ఒక పదార్థాన్ని పరీక్షించాలంటే, దానిని ఒకటి రెండు మిల్లీగ్రాములు తీసుకొని, 200 మిల్లీగ్రాముల పొటాషియం బ్రోమైడ్‌తో అగేట్ కల్వంలో మెత్తగా నూరి, ప్రెస్సులో నొక్కి, పారదర్శకమైన చిన్న బిళ్ళ చేస్తాము. నూరడం తక్కువైతే బిళ్ళ పాలు విరిగినట్టు ఉంటుంది. వానాకాలంలో గాలి తేమ తగిలితే చూస్తూండగానే మసకబారుతుంది. పదార్థం కంటే వంద రెట్లు ఎక్కువగా ఉన్న ఆ బ్రోమైడ్ గ్రాఫులో ఎక్కడా కనబడదు. తరంగ సంఖ్య (ఒక సెంటీమీటరులో పట్టే తరంగాల లెక్క) 4,000 నుంచి 400 వరకు కిరణాన్ని శుభ్రంగా దాటనిస్తుంది. ఎందుకంటే అందులో సాగి ముడుచుకునే సమయోజనీయ బంధమే లేదు. అయానులు వరుసల్లో కదలడం వల్ల పుట్టే కంపనాలు 400 కంటే చాలా కిందనే ఉండిపోతాయి.

అదే బిళ్ళలో సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్, కలిపి చూడండి. 1,380 దగ్గర గ్రాఫు బావిలో పడ్డట్టు దిగుతుంది. అది నైట్రేట్ లోపల నైట్రోజన్, ఆక్సిజన్ల బంధం సాగడం. పర్మాంగనేట్ కలిపితే 900 దగ్గర మరో బావి కనబడుతుంది. పొటాషియం రెండింటిలోనూ ఉన్నా దాని పేరుమీద ఒక్క గీత కూడా పడదు.

మొదట్లో ఒకసారి బ్రోమైడ్‌ను ఎండబెట్టకుండానే బిళ్ళ చేశాను. 3,400 దగ్గర పెద్ద గుంట వచ్చింది. మందులోనే ఏదో ఉందనుకొని రెండు గంటలు వెతికి, తీరా చూస్తే అది నీటిలోని ఆక్సిజన్, హైడ్రోజన్ల బంధం. ధ్రువ సమయోజనీయ బంధమంటే ఏమిటో నాకు ఆ రోజు నిజంగా తెలిసిందని చెప్పాలి.

జయపురం ఇంజనీరు

మాస్టారూ, రెండు ఆక్సైడుల పోలిక చూశాక నా మాట వెనక్కు తీసుకుంటున్నాను. అయితే 1.7 సూత్రాన్ని పూర్తిగా పారవేయవలసిందేనా?

పర్లాకిమిడి మాస్టారు

పారవేయనక్కరలేదు బాబూ, తూకంరాయిగా మాత్రం వాడకూడదు. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కు తేడా 1.78; అది 19.5 డిగ్రీల దగ్గర మరిగే పదార్థం, అయానిక స్ఫటికం కాదు. సోడియం అయోడైడ్‌కు 1.73 మాత్రమే, అది 661 డిగ్రీల దగ్గర కరిగే చక్కని అయానిక లవణం. గీతకు అటూ ఇటూ ఉన్నప్పుడు ఆ అంకెతో పాటు ఆవేశమూ, అయానుల పరిమాణమూ, కరిగే ఉష్ణోగ్రతా, కరిగినప్పుడు విద్యుత్తు పారుతుందా లేదా అన్నదీ చూడాలి. పొటాషియం హాలైడులలో ఈ అనుమానమే రాదు: ఫ్లోరైడ్ 858, క్లోరైడ్ 770, బ్రోమైడ్ 734, అయోడైడ్ 681 డిగ్రీల వద్ద కరుగుతాయి. రుణాయాను పెద్దదైనకొద్దీ పట్టు కొంచెం సడలుతున్నది, అంతే.

కాశీనగరం ఎరువుల కొట్టు

పెద్దలందరికీ నమస్కారం. నేను పెద్దగా చదువుకున్నవాడిని కాను గానీ పొటాష్ బస్తాలతో ఇరవై ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను. నా అనుమానం ఒకటి తీర్చండి. బస్తా మీద మ్యూరేట్ ఆఫ్ పొటాష్, కె2ఓ 60 శాతం అని ఉంటుంది. కె2ఓ అంటే పొటాషియం ఆక్సైడ్ అని మా అబ్బాయి చెప్పాడు. మరి లోపల ఉన్నది క్లోరైడ్ అంటారు. రెండింటిలో ఏది నిజం? రైతులు అడిగితే నేను ఏదో చెప్పి తప్పించుకుంటున్నాను.

పర్లాకిమిడి మాస్టారు

మంచి ప్రశ్న. బస్తాలో ఆక్సైడ్ ఒక్క గింజ కూడా ఉండదు. పొటాషియం ఆక్సైడ్‌కు నీరు తగిలితే తీవ్రమైన వేడితో కాస్టిక్ పొటాష్‌గా, అంటే పొటాషియం హైడ్రాక్సైడ్‌గా, మారిపోతుంది. దానిని చల్లితే రైతు చేయీ మిగలదు, పైరూ మిగలదు. పూర్వపు రసాయనవేత్తలు ప్రతి లవణాన్నీ ఆక్సైడుల జతగా లెక్కించేవారు. ఆ పాత లెక్కే ఎరువుల వ్యాపారంలో నిలిచిపోయింది.

శుద్ధమైన పొటాషియం క్లోరైడ్‌ను ఆ లెక్కలోకి మారిస్తే 63 శాతం వస్తుంది. మీ బస్తా 60 అంటున్నది కాబట్టి లోపల ఉన్నది సుమారు 95 శాతం క్లోరైడ్. 50 కిలోల బస్తాలో అసలు పొటాషియం దాదాపు 25 కిలోలు ఉంటుంది. రైతులకు ఈ చివరి అంకె చెప్పండి, అదే వారికి పనికివస్తుంది. బస్తాలో ఎర్రగా కనబడేది గనిలో కలిసివచ్చిన ఇనుప ఆక్సైడ్. పొటాషియం క్లోరైడ్‌కు స్వతహాగా రంగు లేదు. పత్తి మీద పిచికారీ చేసే 13-0-45 (నత్రజని, భాస్వరం, పొటాష్‌ల శాతాలు) ప్యాకెట్టు ఉన్నదే, అది పొటాషియం నైట్రేట్. అందులోని 45 కూడా ఇదే లెక్క.

కాశీనగరం ఎరువుల కొట్టు

ఇంతకాలానికి ఒకరు అర్థమయ్యేటట్లు చెప్పారు. ఆ 13-0-45ను బకెట్టులో కలిపేటప్పుడు నీళ్ళు ఉన్నట్టుండి చల్లబడతాయి. కుర్రవాళ్ళు నకిలీ మందేమోనని తిరిగి తెచ్చి ఇవ్వబోయారు కూడా.

జయపురం ఇంజనీరు

ఇంకొక సందేహం. పొటాషియం క్లోరైడ్‌లో బంధం నూటికి నూరు పాళ్ళూ అయానికమేనా? ఇంజనీరుగా నాకు నూరు శాతం అనే మాట మీద ఎప్పుడూ అనుమానమే.

పర్లాకిమిడి మాస్టారు

మీ అనుమానం సరైనదే. పొటాషియం క్లోరైడ్‌ను బాగా వేడిచేస్తే ఆవిరిలో ఒక పొటాషియం, ఒక క్లోరిన్ జంటగా తిరుగుతాయి. ఆ జంట ద్విధ్రువ భ్రామకాన్ని (ధన, రుణ ఆవేశాలు ఎంత విడిపోయాయో చెప్పే కొలత, దాని ప్రమాణం డిబై) కొలిస్తే 10.27 డిబైలు వచ్చింది. రెండింటి మధ్య దూరం 267 పికోమీటర్లు. ఎలక్ట్రాను పూర్తిగా అటు వెళ్ళిపోయి ఉంటే 12.8 డిబైలు రావాలి. అంటే లెక్కప్రకారం 80 శాతం. మిగిలిన వంతు ఎటు పోయిందంటే, క్లోరైడ్ ఎలక్ట్రాను మేఘాన్ని పొటాషియం కొంత తనవైపు వంచుకున్నది. పోలికకు హైడ్రోజన్ క్లోరైడ్‌ను తీసుకుంటే అక్కడ 17, 18 శాతమే. ధ్రువ సమయోజనీయ బంధమంటే అదీ.

స్ఫటికంలో సంగతి ఇంకొంచెం మారుతుంది. ప్రతి పొటాషియం చుట్టూ ఆరు క్లోరైడులు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు పొటాషియములు ఉండి, దూరం 315 పికోమీటర్లకు పెరుగుతుంది. అన్ని దిక్కుల నుంచీ సమానంగా లాగుతూండడం వల్ల మేఘం ఏ ఒక్క వైపూ వంగదు.

దీనికి నాకు ఎంతో ఇష్టమైన సాక్ష్యం ఒకటి ఉన్నది. 1913లో 23 ఏళ్ళ లారెన్స్ బ్రాగ్ స్ఫటికాల మీద ఎక్స్ కిరణాలు వేసి చూశాడు. వంట ఉప్పులో సోడియమూ క్లోరినూ వేరువేరుగా తెలిశాయి. పొటాషియం క్లోరైడ్‌లో మాత్రం రెండు రకాల కణాలు ఉన్నట్టే తోచలేదు. ఒకే రకం బిందువులు ఘనాకారంలో పేర్చినట్టు చిత్రం వచ్చింది. కారణం ఏమిటంటే ఎక్స్ కిరణాలను చెదరగొట్టేవి ఎలక్ట్రానులు. పొటాషియం 19లో ఒకటి వదిలితే 18. క్లోరిన్ 17కు ఒకటి చేరితే 18. ఆ కిరణానికి రెండూ కవల పిల్లలే. తండ్రితో కలిసి రెండేళ్ళకు నోబెల్ బహుమతి అందుకున్నాడు. తరగతిలో ఈ కథ చెప్పిన రోజున వెనుక బల్లలవారు కూడా తల ఎత్తేవారు.

నాగావళి గట్టు

మాది రాయగడ. సైన్సు చదువుకొని వంటింట్లో స్థిరపడినదానిని. వానాకాలంలో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు బిందెలో పటిక తిప్పుతాము కదా, శాస్త్రంలో పటిక అన్నప్పుడు మొదట చెప్పేది పొటాషియం, అల్యూమినియం కలిసిన సల్ఫేట్, దానితోపాటు పన్నెండు నీటి అణువులు. అందులో అయానిక బంధమూ ఉంది, సల్ఫేట్ లోపల గంధకం, ఆక్సిజన్ల ధ్రువ సమయోజనీయ బంధమూ ఉంది, నీటి అణువులను లోహపు అయాను పట్టి ఉంచే పట్టూ ఉంది. అన్ని పాఠాలూ ఒకే గడ్డలో ఇమిడి ఉన్నాయి. బురదను దించే పని అల్యూమినియానిది. పొటాషియం ఊరకే తోడు వచ్చిన పెళ్ళివారి చుట్టం. మూడు ఆవేశాల అల్యూమినియం ఆరు నీటి అణువులను బిగించి పట్టుకుంటే, ఒక్క ఆవేశం గల పొటాషియం తన వంతు ఆరింటినీ వదులుగా పట్టుకుంటుంది. పటికను పెనం మీద పెడితే 92 డిగ్రీలకే తన నీటిలో తానే కరిగిపోవడం మా ఇంట్లో పిల్లలకు చూపించాను.

ఇంకొక మాట. సోడియం తక్కువ ఉన్న ఉప్పు అని అమ్మేదానిలో కొంత భాగం పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, నాలుక చివర చిన్న చేదు అందువల్లనే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దానిని వాడకూడదు.

గుణుపురం విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. కొట్టు బాబాయి గారు చెప్పిన బకెట్టు సంగతి చదివాక నేనూ చేసి చూశాను. మా నాన్నగారు పత్తికి తెచ్చిన 13-0-45 నుంచి 10 గ్రాములు తీసుకొని, స్టీలు గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీటిలో కలిపాను. నీరు 28 డిగ్రీల నుంచి 21కి దిగింది, గ్లాసు బయట సన్నని చెమట పట్టింది. అంతే తూకం ఎర్ర పొటాష్ వేస్తే 23న్నర దగ్గర ఆగింది, అడుగున ఎర్రమట్టి వంటిది మిగిలింది. అయానిక బంధం అంత బలమైనదైతే ఉత్త నీరు దానిని ఎలా విడదీస్తుంది? విడదీస్తూ చల్లబడడం ఎందుకు?

పర్లాకిమిడి మాస్టారు

శభాష్ తల్లీ. నీటి అణువు ధ్రువ అణువు. దాని ఆక్సిజన్ కొస కొంచెం రుణం, హైడ్రోజన్ కొసలు కొంచెం ధనం. పొటాషియం చుట్టూ ఆక్సిజన్ కొసలు, క్లోరైడ్ చుట్టూ హైడ్రోజన్ కొసలు మూగుతాయి. పొటాషియం క్లోరైడ్ స్ఫటికాన్ని అయానులుగా విడదీయడానికి మోలుకు సుమారు 715 కిలోజౌళ్ళు కావాలి. నీరు వాటిని చుట్టుముట్టినప్పుడు దాదాపు అంతా తిరిగి వస్తుంది, 17 మాత్రం తక్కువ పడుతుంది. ఆ 17ను నీటి వేడి నుంచే తీసుకుంటుంది, అందుకే చల్లబడుతుంది. నైట్రేట్‌కు ఆ లోటు 35. అక్బరు కాలంలో తాగునీటిని సురేకారంతో చల్లబరిచింది ఈ లోటుతోనే.

నీ అంకెలను లెక్కతో సరిచూద్దాం. 10 గ్రాముల నైట్రేట్ మోలులో పదో వంతు, అంటే మూడున్నర కిలోజౌళ్ళు. 110 గ్రాముల ద్రావణం దాదాపు ఏడున్నర డిగ్రీలు దిగాలి. నీకు 7 వచ్చింది. క్లోరైడ్‌కు 5 రావాలి, నాలుగున్నర వచ్చింది. ఆ అర డిగ్రీ చొప్పున స్టీలు గ్లాసూ, చుట్టూ ఉన్న గాలీ ఇచ్చినవే. ఈసారి గ్లాసును గుడ్డతో చుట్టి, ఎర్ర పొటాష్‌ను ముందుగా మెత్తగా నూరి చేయి. గింజ పెద్దదైతే కరిగేలోపల బయటి వేడి లోపలికి వచ్చేస్తుంది.

కాశీనగరం ఎరువుల కొట్టు

నీళ్ళు చల్లబడితే నకిలీ కాదని ఒక కాగితం మీద రాసి కొట్టులో అంటించవచ్చునా మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు

వద్దు బాబూ. యూరియా కలిపినా నీళ్ళు చల్లబడతాయి, దానిలో అయానులే లేవు. చల్లబడితే నకిలీ అని భయపడనక్కరలేదని మాత్రం రాయండి.